మార్గశిరంలో మామిడిపండ్లు

దీవికి వెళ్ళొచ్చామని చెప్పగానే అందరూ అడిగే మొదటి మాట, ఎంతయింది అని. ఎంతయిందో నేను చెప్పను. చెబితే మీలో సగం మంది వెళ్ళరు. ఏం చూశామో, ఏం తిన్నామో, ఎక్కడ బుద్ధి తెచ్చుకున్నామో మాత్రం చెబుతాను.

నేను అయిదో తరగతి దాకా చదివాను. మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లె. ఏడాదిలో ఆరు నెలలు సిడ్నీలో, క్వేకర్స్ హిల్‌లో మా అమ్మాయి శారద ఇంట్లో ఉంటాను. ఇది రాశాక శారద చదివి నాలుగైదు చోట్ల వత్తులు సరిచేసింది. మాటలు మాత్రం నావే.

డిసెంబరు నెలలో పిల్లల బడికి పెద్ద సెలవులు. ఇక్కడ అది నడి ఎండాకాలం. క్వీన్స్‌లాండ్‌లో మాగ్నెటిక్ ఐలాండ్ అని ఒక దీవి ఉందనీ, నాలుగు రోజులు ఉండి వద్దామనీ శారద అంది. అల్లుడికి సెలవు దొరకలేదు. నేను, శారద, మనవరాలు మేఘన బయలుదేరాం. మేఘనకు తొమ్మిదేళ్లు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో ఇస్తుంది. నేను తెలుగులో తిడతాను, అది ఇంగ్లీషులో సంజాయిషీ చెబుతుంది. ఇద్దరికీ అలవాటైపోయింది.

బయలుదేరిన బుధవారం నాడే మావారి తిథి, మార్గశిర బహుళ ద్వాదశి. ఆయన పోయి నాలుగేళ్లు. మాకు మగపిల్లలు లేరు, కర్మ మా మరిది కొడుకు ఊళ్ళో చేస్తాడు. నేను ఎక్కడుంటే అక్కడ, నా తృప్తి కోసం, ఒక పెద్దవారికి స్వయంపాకం ఇస్తాను. బియ్యం, పప్పు, రెండు కూరలు, నెయ్యి, ఒక పండు. వండుకుని తింటారు. ఆయనకు చేరిందనుకుంటాను. ఈసారి తెల్లవారుతూనే మా వీధి చివరి పెద్దాయనకు ఇచ్చేసి, అట్నుంచి అటే విమానం ఎక్కాం.

ముందు రోజు శారద, "అమ్మా, గుళ్ళో పంతులుగారిని ఒకసారి అడుగుదామా, ఇక్కడికి తిథి ఎప్పుడో" అంది. ఊరి నుంచి తెచ్చుకున్న గోడ క్యాలెండర్ నా గదిలో ఉంది. ఉన్నది చదవడానికి పంతులెందుకు, మళ్ళీ ఆయనకు దక్షిణ ఎందుకు అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

టౌన్స్‌విల్ రేవు

మూడు గంటలు ఎగిరి, అదే దేశంలో దిగితే, గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకోమన్నారు. సిడ్నీ వాళ్ళు ఎండాకాలంలో గంట ముందుకు జరుపుకుంటారట, ఇక్కడి వాళ్ళు జరుపుకోరట. సూర్యుడు మాత్రం ఎవరినీ అడగకుండా నడి నెత్తిన ఉన్నాడు. దిగగానే మన వైశాఖ మాసపు ఉక్క. చీర ఒంటికి అంటుకుపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. సిడ్నీలో నాకు ఎప్పుడూ కాళ్ళు చల్లగానే ఉంటాయి.

పడవకు ఇంకా వేళ ఉందని రేవు ఎదురుగా ఒక దుకాణంలో కూర్చున్నాం. నా సంచిలో పులిహోర ఉంది. అయినా శారద ఊరుకోక నాకు శాకాహారం బర్గర్ ఒకటి తెప్పించింది. ఇరవై రెండు డాలర్లు. అంత పెట్టి కొన్నదాన్ని విప్పి చూడకుండా ఎలా తింటాం? పై రొట్టె ఎత్తి చూశాను. లోపల ఒక అనాసపండు చక్రం, దాని కింద ఎర్రగా బీట్‌రూట్ ముక్కలు.

నేను రొట్టె మూసేశాను. ఎందుకో చెప్పాలంటే పన్నెండేళ్లు వెనక్కి వెళ్ళాలి.

కాశీ వెళ్ళినవాళ్ళు అక్కడ ఒక పండూ ఒక కూరా వదిలిపెట్టి రావడం మన ఆచారం. ఇష్టమైనది వదలాలి. వదిలినదాన్ని మళ్ళీ జన్మలో నోట పెట్టకూడదు. రైల్లో పోతున్నంతసేపూ నేను లెక్కలు వేసుకున్నాను. అనాస తింటే నాకు నాలుక పూస్తుంది. బీట్‌రూట్ మా ఇంటికి ఒక్కసారి వచ్చింది, సాంబారంతా ఎర్రగా చేసి పోయింది. గంగలో నిలబడి ఆ రెండూ వదిలేశాను. పక్కన మావారు కూరల్లో పొట్లకాయ వదిలారు. అది ఆయనకు అంత ఇష్టమేమీ కాదు. పండు దగ్గరకు వచ్చేసరికి మామిడి అన్నారు.

వేసవి వస్తే అన్నం మానేసి మామిడిపండ్ల మీద బతికే మనిషి. గట్టెక్కాక అడిగాను, "పెరట్లో రెండు చెట్లు పెట్టుకుని మామిడి వదలడమేమిటండీ?"

"పెరట్లో లేనిది వదిలితే వదిలినట్టేనా?" అన్నారు. నన్ను దెప్పాలని కాదు. ఆయనకు దెప్పడం రాదు. తడి పంచె పిండుకుంటూ మామూలుగా అన్నారు.

ఆ తరువాత ఎనిమిది వేసవులు బతికారు. ఒక్క పండు నోట పెట్టలేదు. నేను ఆయన ఎదురుగానే తినేదాన్ని. ఊరికే తినడం కాదు, ఆయనే చేసి ఇచ్చేవారు. మాది పీచు రసం చెట్టు, కోసుకు తినేది కాదు. పండును రెండు అరచేతుల మధ్య పెట్టి, తొక్క చిట్లకుండా మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, మొదట వచ్చే సొన పిండేసి, నా చేతికి ఇచ్చేవారు. నేను అరుగు మీద కూర్చుని జుర్రుకునేదాన్ని. ఆయన జిడ్డు చేతులతో పక్కనే కూర్చుని కొబ్బరి దింపు ఎప్పుడో, మనుషులు ఎందరు కావాలో మాట్లాడేవారు.

"అమ్మా, పైనాపిల్ తీసేసి తిను, ఇట్స్ ఓకే" అంది శారద.

"తీసేస్తే రసం అంటుకుని ఉంటుంది" అన్నాను.

"వై డోంట్ యూ లైక్ పైనాపిల్, అమ్మమ్మా?" అని మేఘన అడిగింది.

"నాలుక పూస్తుంది" అన్నాను. సగం నిజం. బర్గర్ అది తినేసింది. నేను పులిహోర తిన్నాను. వదిలించుకున్నాననుకున్న రెండూ ఇంత దూరం వెతుక్కుంటూ వచ్చి, ఒకే రొట్టెలో చేరి ఎదురుపడ్డాయి. అప్పటికి నవ్వుకున్నాను.

పడవలో ఏకాదశి

రేవు నుంచి దీవికి పడవలో అర్ధగంట కూడా పట్టదు. సముద్రం గోదావరి పాయలా నిమ్మళంగా ఉంది. పూర్వం ఒక ఓడ కెప్టెను ఈ దీవి పక్కగా పోతుంటే దిక్సూచి ముల్లు చెదిరిందట, అయస్కాంతం ఉందనుకుని ఈ పేరు పెట్టాడట. తరువాత వెతికితే అయస్కాంతమూ లేదు, ఏమీ లేదు. పేరు మాత్రం ఉండిపోయింది.

ఎదురు బల్ల మీద చుడీదార్ వేసుకున్న ఒకావిడ, భర్త, ఇద్దరు పిల్లలు కూర్చున్నారు. మా మాట వినగానే ఆవిడ నవ్వింది. "తెలుగువారాండి? మాది పాలకొల్లండి. ఉండేది బ్రిస్బేన్‌లో."

మా పక్కవాళ్ళే. నా సంచిలో చేగోడీల డబ్బా తీసి ముందు పెట్టాను. పిల్లలు తీసుకున్నారు. ఆవిడ చేయి వెనక్కి తీసుకుంది.

"ఏమీ అనుకోకండి పిన్నిగారూ, ఇవాళ ఏకాదశి కదండి."

"ఏకాదశి నిన్న వెళ్ళింది కదమ్మా. ఇవాళ ద్వాదశి."

"ఇండియాలో నిన్నండి. ఇక్కడ ఇవాళ. ఇక్కడ మనకి పొద్దు ముందు పొడుస్తుంది కదండి, ఒక్కోసారి రోజు మారిపోతుంది. మా అత్తగారు రెండేళ్లు తప్పు రోజుల్లో ఉపవాసం ఉన్నారు, ఆయ్." 

ఆవిడ భర్త కిటికీలోంచి చూస్తూ, "ఆవిడ ఉపవాసం, మాకు శిక్ష" అన్నాడు. పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు.

శారద ఫోను తీసి చూసింది. ఫోనుకు మనం ఏ ఊళ్ళో ఉన్నామో తెలుసు. కాసేపు వేలితో అటూ ఇటూ జరిపి, నా మొహం చూడకుండా అంది, "కరెక్టేనమ్మా. ఇక్కడికి రేపే ద్వాదశి. కానీ ఆల్రెడీ ఇచ్చేశాం కదా. నాన్న ఏమీ అనుకోరు."

నాన్న ఏమీ అనుకోరు. అదే కదా బాధ. ముందురోజు విస్తరి వేసి, అసలు రోజు తలుపు మూసుకుని షికారుకు వెళ్ళినట్టయింది. నాలుగు డాలర్ల దక్షిణ దగ్గర ఆయన రోజే తప్పించాను. ఊళ్ళో మరిది కొడుకు పద్ధతిగా చేసే ఉంటాడు. అది వాడి కర్తవ్యం. నాది నేను చెడగొట్టుకున్నాను. రేపు ఈ దీవిలో, తెలిసినవాళ్ళు లేనిచోట, ఆయనకు మళ్ళీ సరిగ్గా పెట్టాలి. అది తప్ప ఇంక నా మనసులో ఏమీ లేదు. ఒడ్డున పచ్చటి కొండలు, ఏనుగులంత గుండ్రాళ్ళు కనిపిస్తున్నాయి చూడు అని శారద చూపించింది. చూశాను.

నెల్లీ బే

మేం దిగిన చోట రెండు గదుల ఇల్లు, వంట పొయ్యి ఉంది. నేను బియ్యం, కందిపప్పు, నెయ్యి సిడ్నీ నుంచే తెచ్చాను. దీవిలో అన్నీ మోసుకొచ్చిన ధర అని ముందే విన్నాను. అది నిజమే, పెరుగు డబ్బా దగ్గర నాకు తెలిసింది.

సాయంత్రం వీధిలో నడుద్దామని బయటికి వచ్చాం. కొబ్బరిచెట్లు వరుసగా ఉన్నాయి, ఒక్కదానికీ కాయ లేదు. తెగులేమో అనుకున్నాను. కాదట. కాయ రాలి ఎవరి నెత్తిన పడుతుందో అని ప్రభుత్వం వాళ్ళే మనుషులను పెట్టి గెలలు నరికించి పారేయిస్తారట. ఈ మాట వింటే అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు ఒక పూట మూసుకుంటుంది. మావారు ఉంటే, దింపించి పారేస్తారా అని నాలుగుసార్లు అడిగి ఉండేవారు.

మలుపు తిరిగితే మామిడిచెట్లు. మా ఊరి చెట్లంత పెద్దవి, రోడ్డు పక్కనే, ఎవరివీ కావు. కింద నేలంతా పండ్లు. కార్లు తొక్కేసినవి కొన్ని, గబ్బిలాలు కొరికినవి కొన్ని, మచ్చ లేనివి ఎన్నో. మార్గశిర మాసంలో మామిడిపండ్లు. అటుగా కుక్కను తిప్పుతున్న ఒక దొరను అడగమని శారదను పంపాను. "తీసుకోండి తల్లీ, పుణ్యముంటుంది, ఇవి పీచువి, ఎవరికీ వద్దు" అన్న అర్థం వచ్చేలా ఏదో అన్నాడట. పీచువట. ఎవరికీ వద్దట. నేను చీర కుచ్చిళ్ళు దోపుకుని, సంచి మేఘన చేత పట్టించి, ఇరవై ఆరు పండ్లు ఏరాను.

"అమ్మమ్మా, దట్స్ ఇనఫ్" అంది మేఘన.

"ఊరికే వచ్చేదానికి చాలు అనకూడదు" అన్నాను.

ఇంటి బయట కుళాయి దగ్గర నిలబడి, తొక్క పళ్ళతో చీల్చి రెండు తిన్నాను. అచ్చు మా పెరటి రసమే. అదే పులుపు, చివర్లో అదే కర్పూరం వాసన. మోచేతి దాకా కారింది. కడుక్కోబోతూ ఆగాను.

మా ఊళ్ళో ఈ నెలలో మామిడి పూత కూడా సరిగా రాదు. ఇన్నాళ్ళూ ఈ తిథికి నేను ఊళ్ళోనే ఉండేదాన్ని. అందుకని నాలుగేళ్లుగా ఆయన తిథికి ఏ పండు పెట్టాలో నేను ఆలోచించే అవసరమే రాలేదు. అరటిపండు పెట్టేదాన్ని. ఇప్పుడు ఆయన తిథీ, ఆయన పండూ ఒకే రోజుకు వచ్చాయి. పెడితే, ఎనిమిదేళ్లు ఆయన నిలబెట్టిన నియమాన్ని నేను చెరిపినట్టా? పెట్టకపోతే, ఇన్ని పండ్ల మధ్య ఆయనకు ఇష్టమైనది దాచినట్టా? అడగడానికి పంతులు లేరు. ఉన్నప్పుడు నేను అడగలేదు.

హార్స్‌షూ బే

గురువారం పొద్దున్నే బస్సులో దీవికి అవతలి ఒడ్డుకు వెళ్ళాం. గుర్రపు నాడా ఆకారంలో ఇసుక, అందుకే ఆ పేరు. ఆయన తిథి నాడు సముద్ర స్నానం దొరకడం మంచిదే అనుకున్నాను.

ఇక్కడ ఈ నెలల్లో నీళ్ళలో ఒక రకం జెల్లీచేప ఉంటుంది. తగిలితే ప్రాణం మీదికి వస్తుందట. అందుకని కొంత మేర వల కట్టి, అందులోనే దిగమంటారు. దిగేవాళ్ళు మెడ నుంచి మడమ దాకా ఒంటికి పట్టే తొడుగు వేసుకుంటారు. మిగతా తీరాల్లో ఈ దేశపు ఆడపిల్లలు ఏం వేసుకుంటారో, ఏం వేసుకోరో మీకు తెలియనిది కాదు. ఇక్కడ అందరూ నిండుగా కప్పుకుని బుద్ధిగా ఉన్నారు. వందమంది అమ్మమ్మలు చెప్పినా రాని మర్యాద ఒక్క చేప నేర్పింది. నాకూ ఒక తొడుగు అద్దెకు తెచ్చారు. దాని మీద చీర కట్టుకోవడానికి ఒప్పుకుంటేనే దిగుతానన్నాను. మేఘన సిగ్గుతో పది గజాలు దూరం వెళ్ళి నిలబడింది.

ఒడ్డున కర్ర స్తంభానికి వెనిగర్ సీసాలు పెట్టి ఉన్నాయి. చేప కరిస్తే పోయడానికట. కాపలా లేదు, తాళం లేదు. అలాగే నిండుగా ఉన్నాయి. మన దగ్గర అయితే మూడో రోజుకు సీసా ఉండేది కాదు. ఉన్నమాట చెబుతున్నాను.

మూడు మునకలు వేసి, నీళ్ళు దోసిట పట్టి వదిలాను. అంతా అయ్యాక కూడా ప్రశ్న అలాగే ఉంది.

ఆర్కేడియాలో ఒక గేటు

తిరుగు బస్సులో ఆర్కేడియా అనే చోట, ఒక ఇంటి గేటు ముందు బల్ల కనిపించింది. దాని మీద అరటికాయలు, కరివేపాకు కట్టలు, ఒక పెట్టె నిండా మామిడిపండ్లు. మనిషి లేరు. ఒక డబ్బా ఉంది, తీసుకున్నవాళ్ళు అందులో డబ్బు వేసి పోతారట. కూరకు అరటికాయ దొరికిందని అక్కడే దిగేశాం.

వరండాలో ఒక పెద్దావిడ కూర్చుని పండ్లు వేరుచేస్తోంది. నల్లటి, భారీ మనిషి, నెరిసిన ఉంగరాల జుట్టు. పెద్ద పెద్ద మందారాలు అచ్చేసిన వదులు గౌను. మన ఆడవాళ్ళు వీధిలోకి వేసుకొచ్చే నైటీయే అది, పైన తువ్వాలు ఒక్కటే తక్కువ. ఆమె పేరు డోరా. వీధిలో పోయేవాళ్ళు కూడా ఆంటీ డోరా అని పలకరిస్తున్నారు. వాళ్ళలో పెద్దవాళ్ళను అలాగే పిలవాలట. మేఘన వెంటనే ఆంటీ అనేసింది. దానికి అలవాటే కదా, సిడ్నీలో కనబడ్డ ప్రతి తెలుగావిడా దానికి ఆంటీయే.

ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన, సముద్రంలో టోరెస్ జలసంధి దీవులున్నాయి. ఆమెది అక్కడ. భర్తకు రైలు పట్టాలు వేసే పని దొరికి ఇటు వచ్చారట. ఆయన పోయి ఆరేళ్లు. ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఇవన్నీ శారద అడిగి చెప్పింది. నాకు మాత్రం ఒకటే తోచింది. స్వయంపాకం ఇవ్వడానికి ఒక పెద్ద మనిషి దొరికింది. ఇస్తే తీసుకుంటారా అని అడగమన్నాను.

శారదకు సరిగ్గా అప్పుడే ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. అది రోడ్డు మీదికి వెళ్ళింది. మేఘనే మిగిలింది.

"నువ్వు చెప్పు" అన్నాను.

"నేనా? వాట్ డూ ఐ సే?"

"మా తాత పోయిన రోజు ఇవాళ. ఆయన పేరు మీద మీకు భోజనం సామాను ఇస్తాం, వండుకు తినాలి అని చెప్పు."

అది చెప్పింది. ఆంటీ డోరా చేతిలో పండు కింద పెట్టి, గౌనుకు చేతులు తుడుచుకుంది. మా తల మీద చేయి వేస్తున్నట్టు నెమ్మదిగా ఏదో చెప్పింది. మేఘన నా వైపు తిరిగి, ఎన్నడూ లేనిది, తెలుగులో మొదలుపెట్టింది.

"వాళ్ళు కూడా చేస్తారంట, అమ్మమ్మా. చనిపోయాక... కొన్ని ఏళ్లు అయ్యాక, పూడ్చిన చోట రాయి పెడతారు. రాయి మీద గుడ్డ ఉంటుంది. అందరూ వచ్చి ఆ గుడ్డ తీస్తారు. తర్వాత పెద్ద ఫీస్ట్. ఆయనకి ఇష్టమైనవి అన్నీ వండుతారంట. తాతకి ఏం ఇష్టం అని అడుగుతోంది."

"అడుగుతున్నారు అనాలి. మామిడిపండు అని చెప్పు."

ఆమె పెద్దగా నవ్వి, పెట్టె వైపు చేయి చూపి లేవబోయింది.

"ఆగమను. వదిలేశారని చెప్పు. కాశీలో, దేవుడి ముందు."

మేఘన తడుముకుంది. "హి గేవ్ అప్ మ్యాంగోస్. ఫర్ గాడ్. ఫరెవర్." ఆంటీ డోరా మళ్ళీ కూర్చుంది. తరువాత ఒక మాట అడిగింది. మేఘన చెప్పేలోపే నాకు అర్థమైంది.

"నువ్వేం వదిలావు అని, అమ్మమ్మా."

"అనాసపండు."

మేఘన నోరు తెరిచింది. "కానీ నీకు పైనాపిల్ ఇష్టమే లేదు కదా. నిన్న చెప్పావుగా."

"అది చెప్పక్కర్లేదు" అన్నాను. అప్పటికే చెప్పేసింది. పిల్లలకు ఏది దాచాలో నేర్పడానికి నాకు ఇంకా వేళ చిక్కలేదు.

ఆంటీ డోరా నవ్వు పొట్టలోంచి మొదలైంది. బల్ల కదిలింది, ఒక పండు దొర్లి మెట్ల మీద పడింది. కళ్ళు తుడుచుకుంటూ మేఘనకు ఏదో చెప్పింది. వాళ్ళ చర్చిలో ఈస్టరుకు ముందు నలభై రోజులు ఏదో ఒకటి మానాలట. ఆమె ప్రతి ఏడాదీ మేక కార్జం మానేస్తుందట. కార్జం అంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ వాంతి. భర్త మాత్రం పొగాకు మానేవాడట, నలభై రోజులూ ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండేది కాదట.

నాకూ నవ్వొచ్చింది. కాశీ సంగతి తలచుకుని నవ్వడం పన్నెండేళ్లలో అదే మొదటిసారి. నవ్వుతూనే ఒళ్ళు కుంచించుకుపోయింది.

ఇంకో మాట కూడా ఆమె అంది. మేఘన ఇలా చెప్పింది: "వాళ్ళ తాత... వాళ్ళ హస్బెండ్ పెట్టుకున్న రూల్స్ అన్నీ ఆయనతోనే మట్టిలోకి వెళ్ళిపోయాయంట. బల్ల మీద మాత్రం ఇష్టమైనవే పెడతారంట."

ద్వాదశి

నియమం పెట్టుకున్నది ఒంటితో. ఆ ఒళ్ళు గోదావరిలో కలిసిపోయింది. ఇంక ఆయనను కట్టేసేది ఏముంది? పంతులుగారు దీన్ని ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు. నాకు ఒప్పింది.

బసకు వెళ్ళి బియ్యం, పప్పు, నెయ్యి సర్దుకున్నాను. మేఘన పరుగెత్తి వెళ్ళి నిన్నటి సంచి తెచ్చింది. "మన దగ్గర ట్వెంటీ ఫోర్ ఉన్నాయి, అమ్మమ్మా. ఇవి ఇద్దాం. ఫ్రీ కదా."

సంచి అందుకున్నాను. బరువుగా ఉంది. ఊరికే వచ్చినవి, నాకు ఏ కష్టమూ కలిగించనివి. కాశీలో నేను ఇచ్చింది ఈ సంచే. సంచి పక్కన పెట్టేశాను.

"రాలినవి మనం తినడానికి. తాత పేరు మీద ఇచ్చేవి కొని ఇవ్వాలి."

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మళ్ళీ ఆ గేటు దగ్గరికి వెళ్ళాం. డబ్బాలో పది డాలర్లు వేసి, రెండు అరటికాయలు, ఒక కరివేపాకు కట్ట, ఆరు మామిడిపండ్లు తీసుకున్నాను.

"అమ్మా, ఆమె పండ్లు కొని ఆమెకే ఇస్తావా?" అంది శారద.

"డబ్బాలో వేశాక నావే."

వరండాలో అరటాకు పరిచి అన్నీ దాని మీద పెట్టాను. ఆకు కూడా ఆమె పెరటిదే, దానికి డబ్బు తీసుకోనంది. ఆయన పేరు, గోత్రం చెప్పి, ఆమె చేతిలో నీళ్ళు వదిలాను. ఆమె కళ్ళు మూసుకుని తన భాషలో ఏదో ప్రార్థన చేసింది. ఎవరు ఏ దేవుడికి చెప్పారో, వినవలసినవాళ్ళకు వినబడి ఉంటుంది.

ఆ తరువాత ఒక పండు తీసుకున్నాను. అరచేతుల మధ్య పెట్టి పిసకడం మొదలుపెట్టాను. ఇంతకుముందు నేను ఎప్పుడూ చెయ్యలేదు. చూసిందే ఎనిమిది వేసవులు. గట్టిగా నొక్కితే తొక్క చిట్లుతుంది, మెల్లగా నొక్కితే లోపల మెత్తబడదు. ఇంత ఓపిక కావాలని నాకు తెలియదు. ముచ్చిక తీసి, సొన పిండేసి, ఆంటీ డోరా చేతికి ఇచ్చాను. నోటికి పెట్టుకుని ఎలా జుర్రుకోవాలో సైగ చేసి చూపాను. ఆమె జుర్రుకుంది. కళ్ళు పెద్దవి చేసింది. అరవై ఏళ్లుగా ఈ పీచు పండును కత్తితో కోసి, పళ్ళలో ఇరుక్కుంటే తిట్టుకుంటూ తిన్నానని చెప్పి, మేఘనను కూడా పిసకమంది. మేఘన నొక్కిన పండు చిట్లి దాని మొహమంతా పడింది.

ఆమె ఒక పండు ఏరి నా చేతిలో పెట్టింది. మచ్చ లేని పండు, మంచి వాసన.

"వద్దు" అన్నాను. కళ్ళకు అద్దుకుని, ఆకు మీద తిరిగి పెట్టేశాను.

"ఏంటమ్మా? నిన్న రెండు తిన్నావు కదా" అంది శారద.

"నిన్న నిన్నే."

శారద నా వైపు చూసింది. పండు వైపు చూసింది. దానికి అర్థమైందని నాకు తెలిసింది. ఏదో అనబోయి ఊరుకుంది. అది వాళ్ళ నాన్న పోలిక.

కొండ మీదికి, వెనక్కి

మిగిలిన రెండు రోజులూ చూడవలసినవి చూశాం. కొండ మీద పాత సైనికుల కోటల దాకా దారి ఉంది, చెట్ల మీద కోలాలు నిద్రపోతూ కనిపిస్తాయి. నీళ్ళ సీసా నిండా తీసుకెళ్ళండి, పైన కొట్లేమీ ఉండవు. పాత రేవు దగ్గర రాళ్ళ మీద చిన్న చిన్న వాలబీలు వస్తాయి, కంగారుకు చెల్లెళ్ళ లాంటివి. సాయంత్రాలు ఒక పొడుగు కాళ్ళ పక్షి పసిబిడ్డ ఏడ్చినట్టు అరుస్తుంది. మొదటిసారి విని నేను కంగారుగా బయటికి పరుగెత్తాను. మీరు పరుగెత్తకండి. బర్గరు కొంటే బీట్‌రూట్ ఉందా, అనాస ఉందా అడిగి కొనుక్కోండి. నేను అవి తిరిగి పుచ్చుకోలేదు. ఒకసారి వదిలినవి వదిలినవే, ఎంత చవగ్గా వదిలినా.

ఆదివారం ఇంటికి చేరాం. గోడ క్యాలెండరు అలాగే వేలాడుతోంది. తీసెయ్యలేదు, పండగలు అందులో రంగుల్లో ఉంటాయి. తిథులకు మాత్రం గుడికి ఫోను చేస్తాను. దక్షిణ కూడా ఇస్తాను.

ఆ వారమే అల్లుడు మన కొట్లుండే హారిస్ పార్క్ వెళ్ళి ఒక పెట్టె మామిడిపండ్లు తెచ్చాడు. పెరటి మెట్ల మీద కూర్చున్నాను. మేఘన ఒక పండు తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"అమ్మమ్మా, పిసికి ఇవ్వు."

ఇవి కండ పండ్లు, కోసుకు తినాల్సినవి, పిసికితే రసం రాదని చెప్పాను. వినలేదు. సరే అని అరచేతుల మధ్య పెట్టుకున్నాను. చాలాసేపు పట్టింది. చిట్లలేదు. ముచ్చిక తీసి, సొన పిండి, దాని చేతికి ఇచ్చాను. అది జుర్రుకుంటూ, ఒక చెంప మీద పసుపు పూసుకుని, సెలవులకు ముందు బడిలో ఎవరో తనను ఏదో అన్నారని సగం తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది.

నా చేతులు జిడ్డుగా ఉన్నాయి. మా ఆయన పండు ఇచ్చేశాక లేచి చేతులు కడుక్కోకుండా అలాగే పక్కన ఎందుకు కూర్చునేవారో నేను ఎప్పుడూ అడగలేదు. బద్ధకం అనుకునేదాన్ని. ఒకటి రెండుసార్లు కసిరాను కూడా.

కుళాయి నాలుగు అడుగుల దూరంలోనే ఉంది. మేఘన తినడం అయ్యేదాకా నేను లేవలేదు.